అణ్వస్త్ర వివాదము - గోదావరీ తీరము



నేను నేడు ప్రసంగింపబోవు విషయము అణ్వస్త్ర వివాదము. ఈ మాట వినగానే, “ఇది రాజధానులలో మంత్రులును రాయబారులును మాటలాడుకొను సంగతి, వరిచేలును కొబ్బరితోటలును గల మన కోనసీమకును కొల్లేటి సీమకును దీనితో పనియేమి?” అని కొందఱు తలంపవచ్చును. ఆ సందియము సహజమే. కాని దూరదేశముల తగవులు మన గుమ్మమునకు వచ్చుట ఈనాటి వింత గాదు. 1758 డిసెంబరులో పిఠాపురమునకు చేరువనున్న చందుర్తి పొలములలో ఆంగ్లేయులకును ఫ్రెంచివారికిని యుద్ధము జరిగినది. ఆ వైరము ఐరోపాఖండమున రగులుకొన్నది. దాని మూలమున ఉత్తర సర్కారులు ఫ్రెంచివారి చేతినుండి జాఱి, కొలది యేండ్లలో ఆంగ్లేయుల పాలయ్యెను. పొలము మనది, తగవు పరులది, ఫలితము మరల మనది.

అణ్వస్త్ర వివాదమును అట్టిదే. అది మన తీరమునకు రెండు దారుల వచ్చినది. ఒకటి సముద్రపు దారి. రెండవది నదీజలపు దారి. ఈ రెండు దారులను చూపి, ఈ వివాదము మన ప్రాంతపు రక్షణను, ఇరుగుపొరుగు రాజ్యములతో మన వ్యవహారమును ఎట్లు మార్చినదో కాలక్రమమున చెప్పుదును.

1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను నౌకాదళపు విమానములు విశాఖపట్టణముపైనను కాకినాడపైనను బాంబులు వైచెను. ఆ దినములలోనే బంగాళాఖాతమున సంచరించుచున్న జపాను యుద్ధనౌకలు సుమారు 20 వర్తకనౌకలను ముంచివేసెను. తీరపట్టణముల జనులు మూటముల్లెలు గట్టుకొని లోనాటి బంధువుల యిండ్లకు తరలిపోయిరి. తండ్రులును తాతలును ఆ సంగతి చెప్పగా విన్నవారు నేటికిని మన గ్రామములలో కలరు. పడిన బాంబులు కొలదియే. కాని ఆ దినమున తీరవాసులకు ఒక సత్యము తెలిసినది: ఏటికి గట్టు కలదు గాని సముద్రమునకు గట్టు లేదు. ఎక్కడనో ఎవరో యుద్ధము తలపెట్టినచో దాని దెబ్బ కాకినాడ రేవున పడవచ్చును.

మూడేండ్లకు, 1945 ఆగష్టు 6న హిరోషిమాపైనను, 9న నాగసాకిపైనను అమెరికావారు అణుబాంబులు వైచిరి. ఆ సంవత్సరము ముగియునప్పటికి హిరోషిమాలో సుమారు 1,40,000 మందియు, నాగసాకిలో సుమారు 70,000 మందియు మరణించిరని అంచనా. ఒక్క బాంబు ఒక్క నగరమును మాపగలదని లోకమునకు తేటపడెను. అదివఱకు కోటయో, కందకమో, సరిహద్దున నిలిచిన సేనయో దేశమునకు రక్షణ. ఇకమీద ఏది రక్షణ? అణ్వస్త్ర వివాదమంతయు ఈ యొక్క ప్రశ్నలో ఇమిడియున్నది.

స్వాతంత్ర్యము వచ్చిన మఱుసటి యేడు, 1948 ఆగష్టులో మన దేశము అణుశక్తి సంఘమును నెలకొల్పెను. హోమీ భాభా దానికి అధ్యక్షుడు. ఈ విద్య గోదావరి సీమకు అన్యమైనది కాదు. భీమవరము చెంతనున్న గొరగనమూడి గ్రామమున 1896లో జన్మించిన భూపతిరాజు లక్ష్మీనరసింహరాజుగారు సన్యసించి స్వామి జ్ఞానానందులైరి. ఆయన ఐరోపాకు వెడలి ప్రేగు నగరమున భౌతికశాస్త్రమున పరిశోధన చేసిరి. పిదప లివర్పూలు విశ్వవిద్యాలయమున, న్యూట్రాను అను అణుకణమును కనుగొన్న చాడ్విక్ పండితుని ప్రయోగశాలలో కృషి సల్పిరి. స్వదేశమునకు మరలి ఆంధ్ర విశ్వకళాపరిషత్తున అణుభౌతికశాస్త్ర శాఖకు పునాది వేసి, 1969లో పరమపదించిరి. అచ్చటి పరిశోధనాలయమునకు వారి పేరే పెట్టబడెను. కాషాయము ధరించిన యతి అణుగర్భమును శోధించుట చూచి మన పెద్దలు గర్వించిరే గాని భయపడలేదు. విద్య వేఱు, ఆయుధము వేఱు అని వారి భావము.

ఆ భావము ధర్మమే. అయినను ఈ విద్యలో ఒక చిక్కు కలదు. దానిని తెలియనిదే తగవు తెలియదు. యురేనియము అను లోహపు అణువులు చీలునప్పుడు మిక్కిలి వేడిమి పుట్టును. ఆ చీలికను అదుపులో నడుపు యంత్రమునకు రియాక్టరని పేరు. ఆ వేడిమితో నీటిని ఆవిరి చేసి విద్యుత్తు తీయవచ్చును. ఆ రియాక్టరులోనే ప్లుటోనియము అను మఱియొక లోహము జనించును. దానిని వేఱుచేసి బాంబు చేయవచ్చును. అనగా ఇంట దీపము వెలిగించు కొలిమిలోనే ఊరు కాల్చు నిప్పును పుట్టుచున్నది. కావున ఒక దేశము రియాక్టరు కట్టుకొనగనే పొరుగుదేశము, “అది దీపమునకా, నిప్పుపెట్టుటకా?” అని సందేహించును.

ఇక నీటి సంగతి. మామూలు యురేనియముతో నడచు మన రియాక్టరులకు భారజలము కావలెను. భారజలము వేఱొక లోకపు పదార్థము కాదు. మనము త్రాగు నీటియందే, సుమారు ఏడువేల పాళ్లలో ఒక పాలు చొప్పున అది కలసియున్నది. దానిని వేఱుచేయుట మిక్కిలి కష్టము, వ్యయసాధ్యము. 1956లో కెనడాతో చేసికొన్న ఒడంబడిక ప్రకారము బొంబాయి చెంత ట్రాంబేలో ఒక రియాక్టరు కట్టబడి, 1960 జూలైలో పనిచేయ నారంభించెను. దానికి సైరస్ అని పేరు. రియాక్టరు కెనడావారిది, అందు పోసిన భారజలము అమెరికావారిది. “శాంతికార్యములకు మాత్రమే వాడుదుము” అని మనవారు మాట యిచ్చిరి. తరువాతి తగవునకు బీజము ఈ మాటయందే పడినది.

ఇంతలో చుట్టుప్రక్కల పరిస్థితులు మాఱెను. 1954 ఏప్రిల్‌లోనే ప్రధాని నెహ్రూ, అణుపరీక్షలు నిలుపుడని లోకమును కోరియుండెను. 1963లో భూమిపైనను సముద్రమునను ఆకాశమునను పరీక్షలు కూడదను ఒడంబడికపై మన దేశము చేవ్రాలు చేసెను. కాని 1962లో చైనాతో యుద్ధము జరిగెను. రెండేండ్లకు, 1964 అక్టోబరు 16న, చైనా తన మొదటి అణుబాంబును పేల్చెను. ఉత్తరపు సరిహద్దున ఓడించిన పొరుగువాని చేతికి ఇప్పుడు అణ్వస్త్రము వచ్చినది.

1968 జూలై 1న అణ్వస్త్రవ్యాప్తి నిరోధపు ఒడంబడిక చేవ్రాళ్లకు వచ్చినది. 1967 జనవరి 1వ తేదీకి ముందు బాంబు పేల్చిన దేశములు అయిదు. వానికి మాత్రమే అణ్వస్త్ర రాజ్యములను హోదా కలదనియు, తక్కినవారు దానిని పొందరాదనియు అందలి నియమము. ఈ నియమమును మన డెల్టా రైతులకు సులభముగా చెప్పవచ్చును. కాలువ మొదటనున్న అయిదుగురు రైతులు ముందుగా తమ చేలకు తూములు పెట్టుకొని, పిదప సభ చేసి, “నేటినుండి క్రొత్త తూము ఎవ్వరును పెట్టరాదు, ఉన్న తూములు ఉండును, వానిని తగ్గించు మాట మెల్లగా ఆలోచింతము” అని తీర్మానించిరనుకొనుడు. కాలువ చివరనున్న రైతు దానికి ఒప్పుకొనునా? మన దేశము ఒప్పుకొనలేదు. అయినను న్యాయముగా రెండవ ప్రక్కయు చెప్పవలెను. తూములు పెరిగినకొలది గట్టు బలహీనమగునను మాట అబద్ధము గాదు. ఎక్కువ చేతులలో అణ్వస్త్రములున్నకొలది పొరపాటునకు ఎక్కువ అవకాశము. నియమమందు పక్షపాతము కలదు. భయమందు నిజము కలదు. అందుచేతనే ఈ తగవు అర్ధశతాబ్దమునకు పైగా తీఱలేదు.

మరల సముద్రపు దారికి వత్తము. 1971లో తూర్పు పాకిస్తానమున అల్లకల్లోలమై, లక్షలాది కాందిశీకులు మన దేశమునకు వచ్చిరి. ఆగష్టు 9న మన ప్రభుత్వము సోవియట్ రష్యాతో స్నేహపు ఒడంబడిక చేసికొనెను. డిసెంబరు 3న యుద్ధము మొదలయ్యెను. ఆ రాత్రియే పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ విశాఖ రేవు వెలుపల మునిగిపోయెను. యుద్ధము ముగియవచ్చు సమయమున అమెరికా తన ఎంటర్‌ప్రైజ్ అను విమానవాహక నౌకను, దాని వెంట మఱికొన్ని యుద్ధనౌకలను బంగాళాఖాతమునకు పంపెను. ఎంటర్‌ప్రైజ్ అణుశక్తితో నడచు మహానౌక. అందు అణ్వాయుధములు కలవని లోకమంతయు తలంచెను. అమెరికా అవుననను లేదు, కాదనను లేదు. సోవియట్ నౌకలు దాని వెనుక బయలుదేరెను. డిసెంబరు 16న ఢాకాలో పాకిస్తాను సేన లొంగిపోగా నౌకలు మరలిపోయెను. ఒక్క గుండును పేలలేదు.

అయినను ఆ రాక వృథా పోలేదు. 1942లో కాకినాడకు తెలిసిన పాఠము 1971లో ఢిల్లీకి తెలిసినది. అణ్వస్త్రము పేలనక్కఱలేదు, కంటికి కనబడినంతనే రాయబారపు మాట మాఱును. ఈ యనుభవము మన పాలకుల మనస్సులలో నాటుకొని, పిమ్మటి నిర్ణయములకు ఒక కారణమయ్యెను.

1974 మే 18న రాజస్థానమందలి పోఖ్రాన్‌లో భూగర్భమున మన దేశము మొదటి అణుపరీక్ష జరిపెను. ఇది శాంతికార్యమునకై చేసిన పేలుడని ప్రభుత్వము ప్రకటించెను. దానికి ప్లుటోనియము వచ్చినది సైరస్ రియాక్టరు నుండి. “మా రియాక్టరును మీ మాటకు మాఱుగా వాడితిరి” అని కెనడా కోపించి సాయము నిలిపెను. “మేము మాట తప్పలేదు, ఇది బాంబు కాదు” అని మనవారు వాదించిరి. 1975లో కొన్ని రాజ్యములు లండనులో సమావేశమై, అణుసామగ్రిని ఎవరికి అమ్మవలెనో ఎవరికి అమ్మరాదో నిర్ణయించు కూటమిని కట్టిరి. 1978లో అమెరికా క్రొత్త శాసనము చేయగా, తారాపురపు విద్యుత్కేంద్రమునకు రావలసిన ఇంధనమునకును చిక్కు వచ్చినది.

అప్పుడు గోదావరి ఈ కథలో ప్రవేశించినది. పరదేశపు భారజలము ఆగినందున మనవారు స్వంతముగా చేసికొనక తప్పదయ్యెను. అదివఱకే నంగల్‌లో ఒక కర్మాగారము కలదు, మఱికొన్ని ఆరంభమైయుండెను. అవి చాలవు. భద్రాచలమునకు ఎగువను, మణుగూరు చెంత అశ్వాపురము కడ గోదావరి యొడ్డున ఒక గొప్ప భారజల కర్మాగారము కట్టబడి, 1991లో పనిచేయ నారంభించెను. నీరు గోదావరిది, బొగ్గు సింగరేణిది. ఎత్తైన గోపురములవంటి పాత్రలలో నీటిని పైనుండి క్రిందికిని, ఒక విషవాయువును క్రిందినుండి పైకిని నడపి, చల్లదనమును వేడిమిని మార్చుచు, భారజలపు పాలును మెట్టుమెట్టుగా హెచ్చింతురు. ఈ పద్ధతిని మన దేశమున నడుపుటకు కావలసిన విధానమును మన శాస్త్రజ్ఞులే సిద్ధపఱచిరి. అశ్వాపురమున సాగిన ప్రవాహమే పాపికొండలు దాటి, రాజమహేంద్రవరపు రేవులు తాకి, ధవళేశ్వరము కడ కాలువలుగా చీలి మన చేలకు వచ్చుచున్నది. లండనులో మూసిన తలుపునకు జవాబు గోదావరి యొడ్డున కట్టబడినదని చెప్పినచో అతిశయోక్తి కాదు. అచ్చటి భారజలము ప్రధానముగా విద్యుత్కేంద్రములకై చేయబడినదే గాని, అంత శ్రమ పడవలసి వచ్చుటకు కారణము అణ్వస్త్రపు తగవే.

ఈ తగవులో పాకిస్తాను మాటయు చెప్పవలెను. 1971 ఓటమి పిదప, 1972 జనవరిలోనే ఆ దేశాధిపతి జుల్ఫికర్ అలీ భుట్టో ముల్తానులో శాస్త్రజ్ఞులను కూర్చి అణ్వస్త్రయత్నమును ఆరంభించెను. 1974 పరీక్ష ఆ యత్నమును మఱింత వేగపఱచెను. ఆ సంవత్సరమే పాకిస్తాను ఐక్యరాజ్యసమితిలో దక్షిణ ఆసియాను అణ్వస్త్రరహిత మండలముగా ప్రకటింపుడని కోరెను. చైనాను విడిచి ఈ మండలము గీయుట ఎట్లని మన దేశము అడిగెను. పాకిస్తాను మనవైపు చూచుచుండెను; మనము చైనావైపు చూచుచుంటిమి; చైనా అమెరికా రష్యాలవైపు చూచుచుండెను. వరుసగా నిలిచిన వీరిలో ఎవడును తన ముందున్నవానిని విడిచి వెనుకవానితో సంధికి ఒప్పుకొనడు. మన ప్రాంతపు అణ్వస్త్రసమస్య రెండు దేశముల మధ్య తీఱకుండుటకు మూలము ఇది.

1986-87 చలికాలమున మన సేన రాజస్థానమున గొప్ప కవాతు జరుపగా, పాకిస్తాను సేన యెదురు కదలి, యుద్ధము తప్పదేమో యను భయము పుట్టినది. ఆ భయమునుండి ఒక మంచి పుట్టినది. 1988 డిసెంబరు 31న, రాజీవ్ గాంధీయు బేనజీర్ భుట్టోయు ప్రధానులుగా నుండగా, ఒకరి అణుకేంద్రములపై ఒకరు దాడి చేయరాదను ఒడంబడిక ఇస్లామాబాదులో జరిగినది. దాని ప్రకారము 1992 మొదలు ప్రతి సంవత్సరము జనవరి 1న రెండు ప్రభుత్వములును తమ అణుకేంద్రముల పట్టికలను ఒకరికొకరు ఇచ్చుకొనుచు వచ్చెను. ఈ చిన్న సంగతిని జ్ఞప్తియందుంచుకొనుడు. తరువాత మరల చెప్పుదును.

1995 డిసెంబరులో మన తెలుగువాడైన ప్రధాని పి.వి. నరసింహారావుగారి ప్రభుత్వము పోఖ్రాన్‌లో మరల పరీక్షకు ఏర్పాట్లు చేయుచున్నదని అమెరికా ఉపగ్రహములు కనిపెట్టెను. ఆ వార్త న్యూయార్క్ పత్రికలో వెలువడెను, అమెరికా రాయబారి వచ్చి మాటలాడెను, పరీక్ష జరుగలేదు. పిదప ప్రధానియైన వాజ్‌పేయి, నరసింహారావుగారు 2004లో కాలధర్మము చెందినప్పుడు, బాంబు సిద్ధముగా నున్నదని తనకు తెలిపినవారు వారే అని బహిరంగముగా చెప్పెను. పక్షములు వేఱైనను ఒకరు దాచిన రహస్యమును మఱియొకరు కాపాడుట మన రాజనీతిలో గుర్తింపదగిన సంగతి. 1996లో అన్ని పరీక్షలను నిషేధించు ఒడంబడిక వచ్చినప్పుడును మన దేశము చేవ్రాలు చేయలేదు.

1998 మే 11, 13 తేదీలలో పోఖ్రాన్‌లో అయిదు పరీక్షలు జరిగెను. ఈ పర్యాయము శాంతిపేలుడను మాట లేదు. ఇది ఆయుధమే యని చెప్పబడెను. ఆ నెల 28, 30 తేదీలలో పాకిస్తాను బలూచిస్తానమున తన పరీక్షలు జరిపెను. జూన్ 6న ఐక్యరాజ్యసమితి భద్రతామండలి రెండు దేశములను ఖండించెను. అమెరికా, జపాను మొదలైన రాజ్యములు ఆంక్షలు పెట్టెను.

ఆ ఆంక్షల వేడి ఆంధ్రదేశమునకును తగిలినది. ప్రపంచబ్యాంకునుండి భారతదేశమునకు రావలసిన అప్పులు పెక్కు వాయిదా పడెను. అన్నము, విద్య, వైద్యము వంటి ప్రజావసరములకు మాత్రము అడ్డు పెట్టరాదని పెద్దరాజ్యములు నిర్ణయించుకొనెను. ఆ సందునుండి 1998 జూన్ చివర ఆంధ్రప్రదేశమునకు 54 కోట్ల డాలర్లకు పైబడిన అప్పు మంజూరయ్యెను. పాఠశాలలు, ఆరోగ్యము, నీటిపారుదల, రోడ్లు అందలి పద్దులు. జపాను సాయముతో విశాఖపట్టణము చెంత లేచుచున్న సింహాద్రి విద్యుత్కేంద్రమునకు ప్రత్యేకముగా మినహాయింపు ఇచ్చి, 2000 ఆగష్టులో ఆ దేశ ప్రధాని వచ్చినప్పుడు సాయము ప్రకటింపబడెను. జపాను ఆంక్షలు పూర్తిగా తొలగినది 2001 అక్టోబరులో. రాజస్థానపు ఇసుకలో జరిగిన పేలుడునకు మన బడికిని మన దీపమునకును గల సంబంధము ఇట్టిది.

ఆంక్షలు పెట్టినవారే మాటలాడుటకును వచ్చిరి. విదేశాంగమంత్రి జస్వంత్ సింగ్, అమెరికా ప్రతినిధి స్ట్రోబ్ టాల్బట్ రెండేండ్లలో 14 పర్యాయములు కలిసి చర్చించిరి. 2000 మార్చిలో అధ్యక్షుడు క్లింటన్ భారతదేశమునకు వచ్చి హైదరాబాదు సయితము చూచెను. పాకిస్తానుతో 1999 ఫిబ్రవరి 21న లాహోరు ప్రకటన జరిగెను. దూరక్షిపణులను పరీక్షించుటకు ముందు ఒకరికొకరు తెలుపవలెనను ఏర్పాటునకు అక్కడ నాంది పడి, 2005 అక్టోబరులో అది ఒడంబడికగా స్థిరపడెను.

కాని లాహోరు సిరా ఆఱకమునుపే, 1999 మేలో కార్గిల్ యుద్ధము వచ్చినది. 2001 డిసెంబరులో పార్లమెంటుపై దాడి జరుగగా, నెలల తరబడి లక్షలాది సైనికులు సరిహద్దున ఎదురెదురుగా నిలిచిరి. ఇక్కడ రెండు సంగతులు కనబడుచున్నవి. అణ్వస్త్రము గొప్ప యుద్ధమును ఆపినది. మన సేన కార్గిల్‌లో సరిహద్దురేఖ దాటలేదు. కాని అణ్వస్త్రము చిన్నయుద్ధమును, ముష్కరుల దాడిని ఆపలేదు. పైగా ఆ గొడుగు క్రింద దాగి చిన్నదెబ్బ తీయవచ్చునను తలంపునకు చోటిచ్చినది. అణ్వస్త్రమున్నంతనే నిశ్చింతగా నిద్రింపవచ్చునను వాదము ఇక్కడ తేలిపోయినది.

2003 జనవరి 4న మన ప్రభుత్వము తన అణ్వస్త్రనీతిని ప్రకటించెను. మనము ముందుగా అణ్వస్త్రము ప్రయోగింపము. మనపై ప్రయోగించినచో తీవ్రమైన ప్రతీకారము తప్పదు. ప్రయోగపు అధికారము ప్రజలెన్నుకొన్న ప్రభుత్వముది, ప్రధాని అధ్యక్షతనున్న మండలిది. చైనాయు 1964లోనే ముందుగా ప్రయోగింపమని ప్రకటించియుండెను. పాకిస్తాను అట్టి మాట ఇయ్యలేదు.

క్రమముగా తలుపులు తెఱచుకొనెను. 2005 జూలైలో ప్రధాని మన్‌మోహన్ సింగ్, అమెరికా అధ్యక్షుడు బుష్ ఒక సంకల్పము ప్రకటించిరి. దానిపై మన పార్లమెంటులో గొప్ప వివాదము జరిగి, 2008 జూలైలో ప్రభుత్వమే విశ్వాసపరీక్షకు నిలువవలసివచ్చెను. ఆ సంవత్సరము సెప్టెంబరు 6న అణుసామగ్రి కూటమి మన దేశమునకు మినహాయింపు నిచ్చెను. 1974 పరీక్ష మూలమున పుట్టిన కూటమియే, 34 ఏండ్లకు, ఆ పరీక్ష చేసిన దేశమునకు ద్వారము తెఱచినది. శ్రీకాకుళపు తీరమున కొవ్వాడలో అమెరికా రియాక్టరులు కట్టు ఆలోచన దీని ఫలమే. అచ్చటి పల్లెవాసులు తమ భూములకును వేటకును కలుగు నష్టమును గూర్చి ఆందోళన చెప్పుకొనిరి. ఇక భారజలమో, ఒకప్పుడు అడిగి తెచ్చుకొన్న మన దేశము దానిని దక్షిణ కొరియాకును, తుదకు అమెరికాకును అమ్మగలిగినది.

కడపట మరల సముద్రము. 2009 జూలై 26న విశాఖపట్టణమున అరిహంత్ అను అణుశక్తి జలాంతర్గామి కొబ్బరికాయ కొట్టి జలప్రవేశము చేయింపబడెను. 2018 నవంబరులో అది తన తొలి రక్షణసంచారమును ముగించినదని ప్రధాని ప్రకటించెను. 2024 ఆగష్టు 29న అరిఘాత్ అను రెండవది నౌకాదళమున చేరెను. ఆ నవంబరులోనే దానినుండి దూరక్షిపణిని పరీక్షించిరి. జపాను నౌకలు తిరిగిన బంగాళాఖాతమున, ఎంటర్‌ప్రైజ్ వచ్చిన బంగాళాఖాతమున, నేడు మన అణ్వస్త్రనౌకలు నీటి క్రింద సంచరించుచున్నవి. మొదట దెబ్బ తిన్నను ప్రతీకారము చేయగల శక్తి సముద్రగర్భమున భద్రముగా నుండుననియు, అందుచేత శత్రువు మొదటి దెబ్బకు సాహసింపడనియు దీని తర్కము. తర్కము బలమైనదే. కాని ఒకప్పుడు యుద్ధమునకు ఎడముగా నుండిన మన తీరము ఇప్పుడు దాని కేంద్రములలో ఒకటియైనదని తీరవాసులు ఎఱుగవలెను. పరీక్షలకు ముందు సముద్రమున ఫలానా మేర ఓడలు రారాదని హెచ్చరికలు వెలువడుచుండును. 1942లో మన తీరమునకు ఆయుధము లేదు, భయము కలదు. ఇప్పుడు ఆయుధము కలదు; భయము పోయినదా?

పోలేదనుటకు రెండు నిదర్శనములు చాలును. 2022 మార్చి 9న మన క్షిపణి ఒకటి పొరపాటున ఎగిరి పాకిస్తాను భూమిలో పడినది. దానియందు విస్ఫోటకము లేనందునను, అవతలివారు తొందరపడనందునను కీడు తప్పినది. 2025 మే నెలలో పహల్గాము హత్యల పిదప రెండు దేశములు నాలుగు దినములు క్షిపణులతోను విమానములతోను పోరాడెను. మే 10న రెండు సేనల అధికారులు టెలిఫోనుమీద మాటలాడుకొనగా పోరు ఆగినది. అణ్వస్త్రములు కలిగియుండియు పోరు వచ్చినది. పోరు ఆగునప్పటికి వారికి పనికివచ్చినది మాటలాడుకొనుటకు తెఱచియున్న త్రోవ.

ఇందులకే జనవరి 1వ తేదీ పట్టికలను జ్ఞప్తియందుంచుకొనుడంటిని. కార్గిల్ పిదపను, 2001-02 సైన్యముల మోహరింపు నడుమను, రాయబారులను వెనుకకు పిలిపించుకొన్న కాలమునను ఆ పట్టికల మార్పిడి ఆగలేదు. దానికి వాద్యములు లేవు, ఊరేగింపులు లేవు. పత్రికలలో నాలుగు పంక్తులు మాత్రము. అట్టి నిశ్శబ్దమైన పనులే ఈ ప్రాంతమును కాపాడుచున్నవి.

1986 ఆగష్టులో గోదావరికి వచ్చిన వఱదను మీలో ఎవరును మఱచియుండరు. ధవళేశ్వరము ఆనకట్టకడ సెకండునకు 35 లక్షల ఘనపుటడుగుల నీరు దాటినది. గట్టు తెగుట ఒక్క రాత్రిలో జరుగును. గట్టు కాపాడుట ఏటేట వేసవిలో జరుగవలెను. ఎలుకబొఱియ పూడ్చవలెను, జాఱిన మట్టి వేయవలెను. వఱద లేని సంవత్సరమున ఆ పని చేయువానిని ఎవరును మెచ్చుకొనరు. ఒడంబడికలును అట్టివే. పొరుగుతో మాటలు జరుపుట పిఱికితనమని హేళన చేయువాడు, వేసవిలో గట్టు పని దండుగ యనువానివంటివాడు.

ఆయుధము వలదని నేననుట లేదు. చైనా చేత నున్నది, పాకిస్తాను చేత నున్నది. మన చేత నున్నది. అది శత్రువును వెనుకముందాడజేయును. కాని సముద్రమునకు గట్టు లేదని 1942లో తెలిసిన సత్యము నేటికిని మాఱలేదు. సముద్రమునకు గల గట్టు ఒక్కటే; అది మాట. ఇచ్చిన మాట, నిలుపుకొన్న మాట, కోపకాలమునను ఆగని మాట. గ్రామములో తగవు తీర్చునప్పుడు ఇరువురిని ఒక్క అరుగుపై కూర్చుండబెట్టుట ఎంత కష్టమో మీకు తెలియును. కూర్చుండినయెడల సగము తగవు తీఱుననియు తెలియును. దేశముల తగవును అంతకంటె వేఱు కాదు. రేపు మరల సరిహద్దున అలజడి పుట్టినప్పుడు, మీ రచ్చబండకడ యువకులు బాంబు వేయవలెనని కేకలు వేసినప్పుడు, ఈ కథలో కొంతయైనను వారికి చెప్పుడు.

స్వస్తి.